ఒట్టు అనే మాట

నిడుజివ్వి గనిలో పదహారేండ్లుగా బండలు లేపుతున్నాను.
సుత్తి బరువు నా భుజానికి తెలుసు.
ట బరువు మాత్రం
నలభై ఒకటో ఏట తెలిసింది.

మా వీధోళ్లే రాసుకున్న నాటకం, నాది గొర్లకాపరి వేషం.
మూడో అంకంలో, పద్యం చివర
"నీ మీద ఒట్టు" అని పై షడ్జమంలో నిలబడాల.
ఒ దాకా బాగానే ఎక్కుతాను.
నిచ్చెన ఆఖరి మెట్టు మీద ఎవరో కాలు పట్టుకున్నట్టు
ట్టు దగ్గర గొంతు పట్టేస్తుంది.
మెడ నరాలు లేస్తాయి, కండ్లు ఎర్రబడతాయి,
మాట బయటికొస్తుంది,
రాగం లోపలే ఉండిపోతుంది.

ఎర్రగుంట్ల రైలు గేటు కాడ
దస్తగిరప్ప సైకిల్ షాపు.
పంచర్ సామాను వెనక, గోనెపట్టా కింద హార్మోనియం.
రాత్రి ఎనిమిదికి షట్టరు సగం దించి
ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతికినట్టు
నా పద్యంలో గాలి యాడ పోతాందో వెతికేవాడు.

"దవడ పట్టుకో. ఇప్పుడు ట అను."
అన్నాను. చేతిలో దవడ కోడిపుంజులా ఎగిరింది.
"చూసినావా? నాలుక కొన చేసే పనికి
దవడెందుకొచ్చెప్పా? మెడెందుకొచ్చె?
ఒక మనిషి కూలికి ఊరంతా కదిలొస్తుందా?"

నెల దినాలు పద్యం లేదు.
ల ల ల. న న న.
మూసిన పెదాల వెనక మ మ మ, ముక్కుదూలం అదిరేదాకా.
సిమెంటు గూడ్సు పోతాంటే ఆపడం,
ఆఖరి పెట్టె దాటినాక మళ్లీ మొదలు.
"పాట నడిచేది అచ్చు మీద.
హల్లు గడప.
గడప మీద ఎవురన్నా కాపురం పెడతారా? దాటు."

తర్వాత ఒక రాత్రి ఆ మాట చేతికిచ్చినాడు.
"ట్ట అంటే గాలి ఒక రవ్వ ఆగుతుంది. ఆగనీ.
ఆగేది నాలుక కాడ. గొంతులో తలుపెయ్యద్దు.
ఇంగ ఆ ఉ ని మూటకట్టద్దు,
అంత పైన కొంచెం ఓ కలుపు,
కింద కూసున్నోళ్లకి ఉ లాగే ఇనపడుతుంది.
నాదీ పూచీ."

చెవికి ఎక్కింది, గొంతుకు ఎక్కలేదు.

ఎక్కింది గనిలోనే, మిట్టమధ్యాహ్నం.
కొత్తగా చేరిన ఓబులపతి ఎగిరి సుత్తేసినాడు,
నల్లబండ మూడు ముక్కలు.
నేను పోయి ఉలి పొర మీద పెట్టి
ట్టక్, జరిగి, ట్టక్, విని, మళ్లీ జరిగి,
"ఒరే, బండ దెబ్బకు విడిపోదురా,
సందు దొరికితే అదే విడిపోతుంది" అంటూ అంటూ
ఆగిపోయినాను.
"ఏమైందన్నా?" అన్నాడు వాడు.
నాలుక కొన పంటి వెనక, పైన, ఊరికే తట్టి చూసుకుంటున్నాను.

నాటకం రాత్రి ఒట్టు ఎగిరింది.
ఎట్ల ఎగిరిందో నాకు తెలీదు,
ట ఉందో లేదో కూడా తెలీదు,
చివరి వరసలో శనగలమ్మే ముసలామె చెయ్యి ఆగడం కనిపించింది.
"వన్స్ మోర్!"

రెండోసారి
మొదటిదాన్ని మళ్లీ పట్టుకోవాలనుకున్నాను.
పట్టుకున్నాను. అదే తప్పు.
ట్టు గొంతులో మేకులా దిగింది.
దస్తగిరప్ప నావైపు చూడలేదు,
ఒక చెయ్యి మెట్ల మీంచి తీసి
తన దవడ మెల్లగా నిమురుకున్నాడు.
మూడోసారి ఎవరూ అడగలేదు.

రెండు దాటినాక, కరెంటు దీపాలు విప్పుతాంటే
స్టేజి కింద పరిచిన మా గని బండల మీద కూర్చొని
సగం రంగు కడిగిన మొగంతో
ఒకసారి అన్నాను, నాకోసం.

కుక్కొకటి తలెత్తి, చూసి, మళ్లీ పడుకుంది.
దవడకైతే
సంగతే తెలీదు.